రాజ్మా ఆకుమచ్చల మీద దొరికిన బూజుల్లో సెల్యులేజ్ ఎక్కువ ఇచ్చేదే తెగులుకి కారణమా?

మైక్రో_విశాఖ

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్నాను. చింతపల్లి వైపు కొండల మీద రాజ్మా చేలల్లోంచి మచ్చలు పడిన ఆకులు తెచ్చి, వాటి మీదున్న శిలీంధ్రాలను వేరు చేసి, ఏది తన సెల్యులేజ్ ఎంజైమ్‌తో సెల్యులోజ్‌ను (మొక్కల కణకవచంలోని పీచుని) ఎంత బాగా విరగ్గొడుతుందో చూడాలి. ఆకుల్ని నీళ్ళతో కడిగి, ముక్కలు కోసి పీడీఏ (బూజులు పెంచే బంగాళదుంప అగార్) ప్లేట్ల మీద పెట్టి 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచాను. తొందరగానే నల్ల పొడి చల్లినట్టు ఆస్పర్జిల్లస్ నైగర్ వచ్చేసింది, దాంతోపాటు ఆకుపచ్చగా ట్రైకోడెర్మా, ముదురు గోధుమ రంగులో ఆల్టర్నేరియా వచ్చాయి. ఇవి కాక ఒక ప్లేటులో బూడిద నలుపు రంగులో చాలా నెమ్మదిగా పెరిగే కాలనీ ఒకటి ఉంది. దాని పేరు ఇంకా తేలలేదు.

తర్వాత అన్నిటినీ 1 శాతం సీఎంసీ అనే సెల్యులోజ్ రకం ఉన్న అగార్ మీద పెంచి, సెల్యులోజ్‌కి పట్టుకునే కాంగో రెడ్ అనే రంగు పోశాను. నైగర్ కాలనీ అడ్డంగా 45 మి.మీ., రంగు పోయి తేటపడిన వలయం 52 మి.మీ. వచ్చింది. ట్రైకోడెర్మా కూడా దాదాపు అంతే. పేరు తెలియని దానికి కాలనీ 12, వలయం 20. ల్యాబ్‌లో సీనియర్లు "వలయం అన్నిటికన్నా పెద్దది నైగర్‌కి కాబట్టి ఆకుమచ్చకి కారణం అదే, కణకవచం కరిగించేది అదే అని రాసెయ్" అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. అలా రాయొచ్చా? లేకపోతే ఇంకేం చేసి చూపించాలి? సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది, కాస్త వివరంగా చెప్పండి.

ఆకుమచ్చ

అలా రాయొద్దమ్మా. నీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే.

నేను కూరగాయల తెగుళ్ళ మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇలాంటి రిపోర్టులు నా చేతికి చాలా వస్తాయి, ఏ పంట ఆకు తెచ్చినా చివరికి నైగరే మొదటి స్థానంలో ఉంటుంది. ఎందుకంటే ఆకు మీద మచ్చ పడి అక్కడి కణాలు చచ్చిపోయాక, గాల్లో తిరిగే సిద్ధబీజాలన్నీ ఆ చచ్చిన భాగం మీద వచ్చి వాలతాయి. నైగర్, పెన్సిలియం, క్లాడోస్పోరియం, ట్రైకోడెర్మా ఇవన్నీ ఎండుటాకూ పుల్లా పుడకా తిని బతికేవే, సెల్యులోజ్ వాటికి రోజూ దొరికే తిండి. వాటి దగ్గర సెల్యులేజ్ దండిగా ఉండటంలో వింతేమీ లేదు. ఆకు బతికి ఉండగా లోపలికి దూరి దాన్ని చంపిందెవరు అన్నది వేరే ప్రశ్న, దానికి నీ ప్లేటు జవాబు చెప్పదు.

నీళ్ళతో కడిగాను అన్నావు కదా, అది సరిపోదు. మచ్చ నట్టనడుమ భాగం తీసుకోకూడదు, అక్కడ మిగిలేది పైన వాలిన బూజులే. మచ్చ అంచున, సగం పచ్చగా సగం గోధుమగా ఉండే చోట 3 నుంచి 5 మి.మీ. ముక్కలు కోసి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు కడిగి, స్టెరైల్ కాగితం మీద తడి లాగేసి అప్పుడు ప్లేటు మీద పెట్టాలి. చివరిసారి కడిగిన నీటిని కూడా ఒక ప్లేటు మీద పోసి చూడు. అందులో ఏమీ మొలవకపోతేనే, నీకు వచ్చింది ఆకు లోపలి నుంచి వచ్చిందని నమ్మొచ్చు.

ఇంకొకటి, 30 డిగ్రీలు నైగర్‌కి బాగా నచ్చే వేడి. కొండ మీద చలికాలంలో పండే రాజ్మాకి వచ్చే తెగుళ్ళు అంత వేడిని కోరుకోవు. నా అనుమానమంతా ఆ నెమ్మదిగా పెరిగే కాలనీ మీదే. ఆకు తిరగేసి చూడు. ఈనెలు ఇటుక రంగు నుంచి నలుపుకి మారి గీతల్లా కనిపిస్తున్నాయా? కాయల మీద గుంటపడిన మచ్చలు, తేమగా ఉన్నప్పుడు వాటి మధ్య లేత గులాబీ రంగు జిగురు ఉందా? ఉంటే అది ఆంత్రాక్నోస్, దాన్ని తెచ్చేది కొలెటోట్రైకమ్ లిండెముతియానమ్. అలా కాక మచ్చలు ఈనెల మధ్య ఇరుక్కుని మూలలు తేలి ఉండి, అడుగున బూడిద రంగు కుచ్చులు కనిపిస్తే అది సూడోసెర్కోస్పోరా గ్రిసియోలా. రెండూ పీడీఏ మీద మెల్లగానే పెరుగుతాయి. 22 డిగ్రీల దగ్గర పెట్టి ఓపిగ్గా ఆగు.

కొలెటోట్రైకమ్ సంగతి కాస్త చెప్తాను, నీ ప్రశ్నకి అసలు జవాబు అందులో ఉంది. వాన చినుకుతో ఎగిరి ఆకు మీద పడ్డ సిద్ధబీజం మొలకెత్తి, చివర నల్లటి గట్టి బొడిపె ఒకటి కడుతుంది, ఆ బొడిపెతో ఆకుని అదిమి పట్టుకుని సన్నటి మొనతో గుచ్చుకుని కణంలోకి దిగుతుంది. దిగాక వెంటనే చంపదు. రెండు మూడు రోజులు కణకవచానికీ లోపలి పొరకీ మధ్య చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది, అప్పటికి పైన మచ్చే ఉండదు. ఆ తర్వాత ఒక్కసారిగా తీరు మార్చి సన్నటి తంతువులు పంపి చుట్టూ ఉన్న కణాల్ని చంపుకుంటూ పోతుంది. కణకవచాలు కరిగించే ఎంజైములు ఎక్కువగా బయటికొచ్చేది ఈ రెండో దశలోనే. అప్పుడు కూడా ముందు వరసలో ఉండేది పెక్టిన్‌ను కోసే పాలీగెలాక్టురోనేజ్, సెల్యులేజ్ వంతు ఆ తర్వాతే. కణకవచంలో సెల్యులోజ్ పోగులు స్లాబులోని ఇనప చువ్వల్లాంటివి, పెక్టిన్, హెమిసెల్యులోజ్ వాటి చుట్టూ పోసిన సిమెంటు. సిమెంటు రాలితే గానీ చువ్వలు చేతికి అందవు.

ఇది చిక్కుడు జాతి మొక్కకి కూడా తెలుసు. 1971లో ఆల్బర్షైమ్, ఆండర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, శిలీంధ్రం వదిలే పాలీగెలాక్టురోనేజ్‌ని పట్టుకుని ఆపేసే ప్రోటీన్లు మొక్కల కణకవచంలో ఉన్నాయని చూపించారు. వాళ్ళు వాడిన మొక్కల్లో రాజ్మా జాతి బీన్స్ ఒకటి. మొక్క తన కాపలాని పెక్టిన్ దగ్గర అంత గట్టిగా పెట్టుకుందంటే దాడి ఎక్కడ మొదలవుతుందో నువ్వే ఆలోచించు.

మచ్చల ఆకుల్లో తుప్పు తెగులు పొక్కులు ఉన్నవి కూడా కలిసి ఉంటే వాటి గురించి ఒక మాట. ఆ తుప్పుని తెచ్చే యూరోమైసెస్ అపెండిక్యులేటస్ నీ ప్లేటులో ఎప్పటికీ రాదు, అది బతికున్న మొక్క మీద తప్ప పెరగదు. పత్రరంధ్రం అంచున ఉండే అర మైక్రాన్ ఎత్తు గట్టుని తడిమి గుర్తుపట్టి, ఆ రంధ్రంలోంచే లోపలికి పోతుంది. 1987లో ఈ సంగతి బయటపెట్టినవాళ్ళు ప్లాస్టిక్ లాంటి నున్నటి పొర మీద అంతే ఎత్తు గట్టు చెక్కి చూపిస్తే, శిలీంధ్రం అక్కడా పత్రరంధ్రం అనుకుని బొడిపె కట్టింది. పంటని దెబ్బతీయడంలో ఇది దేనికీ తీసిపోదు, అయినా నీ సీఎంసీ పరీక్షలో దీని మార్కు సున్నా.

ఎంజైమ్_బెంచ్

తెగులు వైపు నుంచి ఆకుమచ్చ గారు చెప్పేశారు, నేను ప్లేటు వైపు నుంచి చెప్తాను. మీ అంకెలే తీసుకోండి. వలయాన్ని కాలనీతో భాగిస్తే నైగర్‌కి 52 బై 45, అంటే 1.16 దాకా వస్తుంది. పేరు తెలియని దానికి 20 బై 12, 1.67. కాలనీ వేగంగా పాకితే వలయం కూడా దాంతోపాటే పాకుతుంది, అందులో ఎంజైమ్ గొప్పతనం ఎంతో, పెరుగుదల వేగం ఎంతో విడదీయలేం. అందుకే మొత్తం మి.మీ.లు రాయకుండా ఈ నిష్పత్తి రాస్తారు. అయినా ఇది ఉందా లేదా చెప్పే పరీక్షే, ఎంత ఉందో చెప్పే పరీక్ష కాదు.

నైగర్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అది సిట్రిక్ ఆమ్లం విపరీతంగా వదులుతుంది, ప్రపంచంలో సిట్రిక్ యాసిడ్ తయారీ అంతా ఎక్కువగా దాంతోనే. కాంగో రెడ్ పీహెచ్ 5 పైన ఎరుపు, 3 కిందికి వస్తే నీలం. కాబట్టి నైగర్ చుట్టూ కనిపించిన రంగు మార్పు సెల్యులోజ్ కరిగినందుకా, ఆమ్లం వల్లా అన్నది చూసుకోవాలి. వలయం నిజంగా తేటగా, పసుపు ఛాయలో ఉందా, లేక ఊదా నీలంగా ఉందా? ఊదాగా ఉంటే దాన్ని కొలవొద్దు. 0.1 శాతం కాంగో రెడ్ 15 నిమిషాలు, తర్వాత 1 మోలార్ ఉప్పునీళ్ళతో, అంటే 100 మి.లీ.కి 5.8 గ్రాములు, ఇంకో 15 నిమిషాలు కడిగి చూడండి. కాంగో రెడ్ బదులు గ్రామ్ అయోడిన్ అనే ద్రావణంతో కూడా చేయొచ్చు, వలయం తొందరగా, స్పష్టంగా తేలుతుంది. ఏమీ వేయని ఖాళీ ప్లేటుకి కూడా అదే రంగు పోసి పక్కన పెట్టి ఫోటో తీయండి, వైవాలో పనికొస్తుంది.

అసలు సీఎంసీ అంటే నీళ్ళలో కరిగేలా మార్చిన సెల్యులోజ్. దాని మీద పనిచేసేది ముఖ్యంగా ఎండోగ్లూకనేజ్, గొలుసుని మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంపేది. గొలుసు కొసల నుంచి రెండేసి గ్లూకోజ్‌ల ముక్కలుగా లాక్కొచ్చే సెల్లోబయోహైడ్రోలేజ్‌కి సీఎంసీ మీద పెద్దగా పట్టు దొరకదు. ఆ రెండు గ్లూకోజ్‌ల ముక్కని, అదే సెల్లోబయోజ్‌ని, ఒంటరి గ్లూకోజ్‌గా చేసేది బీటా గ్లూకోసిడేజ్, అది ఈ ప్లేటులో అసలు కనిపించదు. ఇది లేకపోతే సెల్లోబయోజ్ పేరుకుని మొదటి రెండింటినీ నొక్కేస్తుంది. కాబట్టి ప్లేటు చూసి "సెల్యులేజ్ ఎక్కువ" అనకండి, "సీఎంసీ మీద ఎండోగ్లూకనేజ్ కనిపించింది" అనండి. మొత్తం శక్తి కావాలంటే వాట్‌మన్ 1 నంబర్ ఫిల్టర్ పేపర్‌ని 1 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. పొడవు కోయండి, 50 మిల్లీగ్రాములు వస్తుంది. పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్‌లో, 50 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, వచ్చిన చక్కెరని, చక్కెరతో కలిస్తే రంగు మారే డీఎన్ఎస్ అనే రసాయనంతో 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. మీ కల్చర్ ద్రవంలో ముందే ఉన్న చక్కెరని విడిగా కొలిచి తీసేయడం మాత్రం మర్చిపోవద్దు, చాలామంది అంకెలు ఇక్కడే పెరిగిపోతాయి.

ఒక చిన్న ప్రయోగం చెప్తాను, ఖర్చు లేదు. అదే సీఎంసీ అగార్‌లో 1 శాతం గ్లూకోజ్ కలిపి ఇంకో ప్లేటు పోయండి. సాధారణంగా వలయం బాగా చిన్నదైపోతుంది, కొన్నిట్లో మాయమవుతుంది. తేలిగ్గా తినే చక్కెర ఎదురుగా ఉంటే శిలీంధ్రం సెల్యులేజ్ జన్యువుల్ని ఆపేసుకుంటుంది. బతికున్న ఆకు కణంలో చక్కెరలు ఉండనే ఉంటాయి కదా, ప్లేటులో చూసిన ఎంజైమ్ ఆకులోనూ అంతే ఉంటుందని అనుకోవడానికి లేదని ఈ ఒక్క ప్లేటుతో చూపించొచ్చు. నాకైతే మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా బాగుండే బొమ్మ ఇదే అవుతుంది.

పందిరి_చిక్కుడు

మాది మదనపల్లె దగ్గర. అయ్యా, మధ్యలో నాదో సందేహం. ట్రైకోడెర్మా కూడా సెల్యులోజ్ తింటుంది అంటున్నారు. మేము దాన్ని పశువుల ఎరువులో, వేపపిండిలో మాగబెట్టి ప్రతి ఏడాదీ చిక్కుడు పాదుల్లో వేస్తాం. మరి అది మా మొక్క వేర్లనీ కాండాన్నీ తినేయదా? ఇంకొకటి, మచ్చలు పడి రాలిన ఆకుల్ని పోగేసి కంపోస్టు గుంతలో వేయొచ్చా, కాల్చేయాలా?

ఆకుమచ్చ

తినదు అన్నా, ధైర్యంగా వేసుకోండి. 2 కిలోల ట్రైకోడెర్మా, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పది రోజులు మాగబెట్టేది మంచి పద్ధతే. ట్రైకోడెర్మా వేరు పై పొరల దాకా పోతుంది, అక్కడ మొక్క తన కణకవచాన్ని మందం చేసుకుని ఆపేస్తుంది, అది అంతవరకే ఉండిపోతుంది. పైగా మట్టిలో ఉండే వేరుకుళ్ళు బూజుల్ని చుట్టుకుని, కైటినేజ్, గ్లూకనేజ్‌లు వదిలి వాటి గోడలు కరిగించి తింటుంది. బీన్స్ మొక్కకీ సొంత ఆయుధాలున్నాయి, తెగులు సోకిన చోట ఫేసియోలిన్ అనే విషపదార్థం తయారుచేసుకుంటుంది, శిలీంధ్రం గోడని కోసే కైటినేజ్ కూడా చేసుకుంటుంది. వీటన్నిటినీ దాటగలిగిందే తెగులు తేగలదు, ఊరికే సెల్యులేజ్ ఉంటే చాలదు. మైక్రో_విశాఖా, రైతన్న అడిగిన ఈ ప్రశ్నని నీ రిపోర్టులో చర్చ భాగంలో పెట్టుకో. నీ ప్లేటులో ట్రైకోడెర్మాకి నైగర్‌తో సమానంగా వలయం వచ్చింది కదా, మీ సీనియర్ల లెక్క ప్రకారం ట్రైకోడెర్మా కూడా ఆకుమచ్చ తేవాలి. మన రైతులు దాన్నే మందుగా వేస్తున్నారు.

ఆకుల సంగతి. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి, 55 నుంచి 60 డిగ్రీలు, కొన్ని రోజులు నిలబడి, ఒకటి రెండుసార్లు తిరగేస్తే వేయొచ్చు. చల్లగా ఉండే చిన్న గుంత అయితే వద్దు, ఆంత్రాక్నోస్ శిలీంధ్రం ఎండిన ఆకుల్లో, తీగల్లో దాక్కుని తర్వాతి పంట దాకా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం విత్తనం. మచ్చ ఉన్న కాయలోంచి విత్తనం తీయకండి, గింజ పైకి బాగున్నట్టు కనిపించినా లోపల శిలీంధ్రం ఉండొచ్చు. తడిసిన ఆకుల మధ్య కాయ కోతకి దిగొద్దు, మన చేతులూ బట్టలే దాన్ని ఒక పాదు నుంచి ఇంకో పాదుకి మోస్తాయి.

ఎంజైమ్_బెంచ్

ట్రైకోడెర్మా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇవాళ పరిశ్రమల్లో వాడే సెల్యులేజ్‌లో చాలా భాగం ట్రైకోడెర్మా రీసీ నుంచే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, సామాన్లు కుళ్ళిపోతుంటే ఎందుకో చూడబోతే దొరికిన శిలీంధ్రం అది. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, తర్వాత రీస్ పేరే దానికి పెట్టారు. జీన్స్ ప్యాంట్లకి పాతబడిన రంగు తేవడానికి, బట్టల సబ్బు పొడుల్లో, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి వాడే సెల్యులేజ్ ఈ వంశానిదే. గుడారం గుడ్డని తినేసిన ఈ శిలీంధ్రం పచ్చి పత్తి మొక్కకి తెగులు తేలేదు. మన దగ్గర వరి కొయ్యకాళ్ళు మాగబెట్టడానికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా డీకంపోజర్ కూడా ఇలాంటి శిలీంధ్రాల కలయికే, బెల్లం, శనగపిండి నీళ్ళలో పెంచి చల్లుతారు.

వేరుకుళ్ళు

పైన చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, సెల్యులేజ్‌కి తెగులుతో సంబంధమే లేదన్నట్టు చదివేవాళ్ళకి అనిపిస్తోంది, అది మాత్రం ఒప్పుకోను. అదే రాజ్మా మొక్క మొదట్లో రైజోక్టోనియా సొలానీ పట్టినప్పుడు చూడండి, కాండం చుట్టూ గోధుమ రంగులో గుంట పడి కణజాలం మెత్తబడి మొక్క వాలిపోతుంది. స్క్లెరోటీనియా పడితే తెల్లటి దూది లాంటి బూజు కింద కాండం గుజ్జయిపోతుంది. ఇవి ముందు చంపి తర్వాత తినే రకాలు, వాటికి గోడలు కరిగించడమే బతుకుదెరువు, స్క్లెరోటీనియా అయితే ఆక్సాలిక్ ఆమ్లం కూడా వదిలి ఆ పని సులువు చేసుకుంటుంది. ఇంకోవైపు చూస్తే, బార్లీ బూడిద తెగులు శిలీంధ్రం జన్యుక్రమం 2010లో బయటికొచ్చినప్పుడు, సెల్యులోజ్‌ని కోసే ముఖ్యమైన ఎంజైమ్ కుటుంబాలే అందులో లేవని తేలింది. అంటే ఏ శిలీంధ్రం ఎలా బతుకుతుందో దాన్నిబట్టి ఈ ఎంజైమ్ అవసరం మారుతుంది. "సంబంధం లేదు" అని తేల్చేయడం కూడా "ఇదే కారణం" అనడమంత తొందరపాటే.

జన్యువులు తీసేసి చూసిన పనులు కూడా ఉన్నాయి. మొక్కజొన్న మీద వచ్చే కాక్లియోబోలస్ కార్బోనమ్‌లో ఒక సెల్యులేజ్ జన్యువుని పాడుచేసినా తెగులు తగ్గలేదు. దాన్ని చూసి సెల్యులేజ్ అక్కర్లేదని కొందరు రాస్తారు. కానీ ఒకే పని చేసే జన్యువులు అరడజను ఉన్నప్పుడు ఒకటి పోతే మిగిలినవి ఆ పని చూసుకుంటాయి. వరి అగ్గితెగులు శిలీంధ్రంలో ఒకేసారి చాలా సెల్యులేజ్‌లని తగ్గించి చూసినవాళ్ళకి ఆకులోకి దూరే శక్తి తగ్గడం కనిపించింది.

మైక్రో_విశాఖ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మిగిలిన ఆకులు తిరగేసి చూశాను, కొన్నిట్లో ఈనెలు నిజంగానే ఇటుక రంగులో ఉన్నాయి, కొన్నిటి మీద తుప్పు పొక్కులు కూడా ఉన్నాయి. నైగర్ ప్లేటు ఫోటో మళ్ళీ చూస్తే వలయం సగం దాకా ఊదా రంగే. ఇప్పుడు అంచు ముక్కలు హైపోక్లోరైట్‌లో ముంచి 22 డిగ్రీల దగ్గర మళ్ళీ మొదలుపెడుతున్నాను, గ్లూకోజ్ ప్లేటు కూడా పోస్తాను. ప్రాజెక్టు పేరు కూడా "ఆకుమచ్చల మీది శిలీంధ్రాలు, వాటి ఎండోగ్లూకనేజ్" అని మార్చడానికి గైడ్ గారు ఒప్పుకున్నారు. ఒక్కటే మిగిలింది. ఆ నెమ్మది కాలనీయే తెగులు తెచ్చిందని ఉన్న టైమ్‌లో రుజువు చేయగలనా?

ఆకుమచ్చ

చేయొచ్చు. తెగులు లేని చోట నుంచి రాజ్మా విత్తనాలు తెచ్చి ఈరోజే కుండీల్లో పెట్టు, మొదటి జత ఆకులు పూర్తిగా విచ్చుకునేసరికి నీ కల్చర్‌లో సిద్ధబీజాలు సిద్ధంగా ఉండాలి. రాకపోతే పీడీఏ బదులు ఉడికించి స్టెరిలైజ్ చేసిన పచ్చి బీన్స్ కాయ ముక్కల మీద పెంచు, కొలెటోట్రైకమ్ వాటి మీద బాగా బీజాలు కడుతుంది. మి.లీ.కి 10 లక్షల బీజాలు ఉండేలా హీమోసైటోమీటర్‌లో (మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టే గళ్ళ గాజు పలకలో) లెక్కపెట్టి, ఆకు రెండు వైపులా చల్లి, ఒకటి రెండు రోజులు పాలిథీన్ కవర్ కప్పి తేమ నిలిచేలా ఉంచు. కొన్ని మొక్కల మీద ఉత్త నీళ్ళు, కొన్నిటి మీద నైగర్ బీజాలు, కొన్నిటి మీద ట్రైకోడెర్మా బీజాలు చల్లు. వారం పది రోజుల్లో మచ్చలు వస్తే, ఆ మచ్చ అంచు నుంచి మళ్ళీ వేరుచేసి అదే కాలనీ వచ్చిందో లేదో చూడాలి, అది లేకుండా రుజువు పూర్తి కాదు. ఇక తుప్పు పొక్కులున్న ఆకుల్ని ఈ పనిలో కలపొద్దు, వాటిని విడిగా ఒత్తి ఎండబెట్టి, పొక్కు గీరి మైక్రోస్కోప్ కింద బీజాల బొమ్మ తీసి పెట్టుకో. మచ్చ వచ్చాక ఫోటో ఇక్కడ పెట్టు, ఆకు అడుగు వైపుది కూడా.